తాడు పట్టేది బావమరిదే

ఎనభై ఏడు వానాకాలం. కాదు, ఆగు, మీ అమ్మ అప్పుడు రెండో తరగతి... ఎనభై ఎనిమిది. ముసురు పట్టి వారం దాటింది. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా స్నేహా. “తాతా, సోలార్ పలకలు బిగించడానికి నేను మేడెక్కితే నడుముకి బెల్టు, బెల్టుకి తాడు, తాడుకి కొక్కెం, అన్నీ ఉంటాయి, ఇంకా నీకు భయమేంటి” అన్నావు. నా భయం బెల్టు గురించి కాదమ్మా. ఆ తాడు రెండో చివర ఎవడున్నాడని. కొక్కెం అంటావు. కొక్కేనికి అక్కాచెల్లెళ్ళుంటారా? నవ్వకు. ఫోన్లో పెట్టుకుంటానన్నావుగా, పెట్టుకో.

అంతకుముందు నేను ఉయ్యూరు దగ్గర రైసుమిల్లు బాయిలర్లోకి ఊక ఎగదోసేవాణ్ణి. ఊక మంట మంచిదమ్మా, పక్కన కూర్చుని అన్నం తినొచ్చు. ఆ ఆవిరితోనే వడ్లు ఉడికేవి, ఆ ఆవిరితోనే మిల్లు తిరిగేది. తర్వాత కరెంటు మోటార్లొచ్చాయి. గోడకో మీట పెట్టారు. ఒకడు మీట నొక్కితే మా అందరి పనీ అయిపోయేది. మేం ఇళ్ళకెళ్ళాం. ఈ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందిరా అంటే బొగ్గు నుంచి అన్నారు. సరే, బొగ్గు దగ్గరికే పోదామని కొండపల్లి వైపు వచ్చేశాను. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రంలో పర్మినెంటు ఉద్యోగం అంటే అప్పట్లో పిల్లనివ్వడానికి క్యూ కట్టేవాళ్ళు. మనకెవడిస్తాడు, చదువేదీ? మాకు దొరికింది వేరే ఫ్యాక్టరీ, పేరెందుకులే, ఎప్పుడో మూతపడింది. దానికి సొంత బాయిలరు, సొంత కరెంటు. అందులో కాంట్రాక్టు కింద బొగ్గు పని. టీ అర్ధరూపాయి, గ్లాసు మాత్రం ఇంత ఉండేది.

చర్చి వరండాలో పాస్టరమ్మగారు రాత్రిపూట మాకు అక్షరాలు నేర్పేది. పలక మీద కాకుండా, నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ఏంటో తెలుసా? బంకరు మీద ఎర్రరంగుతో రాసుండేది. ‘ప్రమాదం’. అప్పటిదాకా రోజూ చూస్తూనే ఉన్నా, ఏదో కంపెనీ పేరనుకున్నా.

బంకరంటే, వడ్లు పోసే గరిసె లేదూ, అలాంటి ఇనుప గరిసె అనుకో. మూడంతస్తుల ఎత్తు. పైన బొగ్గు పోస్తారు, కింద సన్నటి నోట్లోంచి బాయిలరుకి పోతుంది. ఎండాకాలం దానంతటదే జారుతుంది. వానాకాలం తడిబొగ్గు ముద్దకట్టి గోడలు కరుచుకుంటుంది. పైనుంచి చూస్తే నిండుగానే ఉంటుంది, కిందంతా డొల్ల. అప్పుడు మనిషి నడుముకి తాడు కట్టుకుని దానిమీదికి దిగి గునపంతో పొడవాలి. తను నిలబడ్డ నేలని తనే పొడుచుకోవాలన్నమాట.

మా మేస్త్రీ కోటయ్యది మైలవరం అవతల కొండల వైపు. వాళ్ళ తాత తేనె తీసేవాడట. కొండ అంచు నుంచి తాడు మీద దిగేవాడికి పైన తాడెవడు పట్టాలి? అన్నదమ్ముడు పట్టకూడదు, రేపు ఆస్తి పంచుకునేవాడు. స్నేహితుడు పట్టకూడదు, వాడికేం పోయింది? బావమరిది పట్టాలి. వదిలేస్తే వాడి తోడబుట్టిందే విధవవుతుంది. ఆ ఆచారాన్ని కోటయ్య బొగ్గులోకి తెచ్చాడు. బామ్మర్ది లేనివాణ్ణి బంకర్లోకి దింపేవాడే కాదు. అందుకని మా గ్యాంగంతా బావలూ బామ్మర్దులే. మా దగ్గర పని కావాలంటే ముందు పెళ్ళి చేసుకోవాలి!

నా తాడు మీ అమ్మమ్మ తమ్ముడు యాకోబు పట్టేవాడు. నువ్వు చూడలేదు, నువ్వు పుట్టకముందే పోయాడు. ఆ వానాకాలం మా ఇద్దరికీ మాటల్లేవు. దేనికంటే... చెబితే నవ్వుతావు. మా మరదలి పెళ్ళి విందులో మూలుగ బొక్క పెద్దల్లుడినైన నాకు వెయ్యకుండా కొత్త పెళ్ళికొడుక్కి వేశాడు. గరిటె యాకోబు చేతిలోనే ఉంది. “కొత్తవాడు కదా బావా” అన్నాడు. “అయితే నేను పాతబడ్డానా” అని విస్తరి ముందు నుంచి లేచొచ్చేశాను. ఇప్పటికీ అంటాను, అది నాకే రావాలి.

కానీ తాడు మాత్రం వాడే పట్టాలిగా. ఆ రోజు పొద్దున షిఫ్టులో నేను దిగబోతుంటే వాడు నావైపు చూడకుండా అన్నాడు, “మేస్త్రీ, ఆయన ముడి సరిగ్గా లేదు. మళ్ళీ వేసుకోమను.”

“మేస్త్రీ, నా ముడి సంగతి నాకు తెలుసని చెప్పు” అన్నాన్నేను.

“నేనేమన్నా టెలిఫోనునా? తగలెయ్యండి మీ బొక్క!” అని కోటయ్యే వచ్చి ముడి బిగించాడు.

మామూలుగా అయితే పైవాడు “ఉన్నావా బావా” అని అడుగుతూనే ఉండాలి, కిందవాడు “ఉన్నా” అంటూనే ఉండాలి. పద్ధతి అది. మాకు మాటల్లేవుగా. చీకటి. పైన బూడిదరంగు ఆకాశం, పళ్ళెమంత. వాడి మొహం కనపడదు. తాడు కదిలితే ఉన్నాడనుకోవాలి. ఒక పోటు వేస్తాను, తాడు వంక చూస్తాను. ఇంకో పోటు, మళ్ళీ చూస్తాను. పిలుద్దామా అని నోటిదాకా వచ్చింది. వాడే పిలవనీ అనుకున్నా.

లోపల ఎవరో పళ్ళు కొరికినట్టు చప్పుడైంది. అంతే, కాళ్ళకింద ఏమీ లేదు. తాడు ఒక్క గుంజు గుంజి, మళ్ళీ జానెడు వదులైంది. ఆ జానెడులో... ఎట్లా చెప్పాలి నీకు... వదిలేశాడు అనుకున్నానమ్మా. నా పెళ్ళాం తమ్ముడు, నన్ను వదిలేశాడు అనుకున్నా. చంకలదాకా పోయాను.

నీళ్ళయితే కాళ్ళాడిస్తాం. బొగ్గు ముంచదమ్మా, మింగుతుంది. ఊపిరి వదిలితే ఆ ఖాళీలోకి బొగ్గొచ్చి కూర్చుంటుంది. మళ్ళీ పీల్చుకుందామంటే రొమ్ముకి చోటుండదు. కింద బాయిలరు లాక్కుంటూనే ఉంది, నన్ను కూడా కలిపి. అప్పుడు పైనుంచి కేక.

“బావా! ఊపిరి మొత్తం వదలకు! కొంచెం కొంచెం పీల్చు! నేనున్నా!”

నోటినిండా పొడి, పలకలేను. వాడు ఆపలేదు. “ఉన్నా బావా, ఉన్నా, ఉన్నా.” కోటయ్య కిందికి పరిగెత్తి బొగ్గు లాగే మిషను ఆపించాడు. చెక్కలేసుకుని మనుషులు దిగి, చేతుల్తో తోడి, నన్ను లాగేదాకా ఆ గొంతు వినపడుతూనే ఉంది. చివరికి బొంగురుపోయి ఉత్త గాలి వచ్చింది. అయినా అదే మాట.

నాకు ఒంటిమీద గీత కూడా పడలేదు. యాకోబు బంకరు పైన ఇనుప స్తంభానికి ఆనుకుని కూర్చునున్నాడు. “లేవరా” అంటే లేవలేదు. స్తంభానికి వేసిన తాడు చుట్టు వానకి తడిసి జారిపోతుంటే, చేతికి చుట్టుకున్నాడట. అదీ ఆ జానెడు. బొగ్గు నన్ను లాగిన కొద్దీ తాడుకీ స్తంభానికీ మధ్య వాడి చెయ్యి నలిగింది. నలుగుతోందని చెబితే పక్కవాళ్ళు తాడు సడలిస్తారని ఎవ్వరికీ చెప్పలేదు. కేకలన్నీ నాకోసమే వేశాడు.

ఇప్పటికీ దుప్పటి రొమ్ముమీద బరువుగా పడితే లేచి కూర్చుంటాను. మీ అమ్మమ్మకి తెలుసు.

నువ్వు మేడెక్కు తల్లీ, వద్దనను. ఎండతో కరెంటు చేస్తారట, మంచి పనే, పొగా లేదు, మసీ లేదు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. కానీ పేరుపెట్టి నిన్ను పిలిచే మనిషి ఒకడు అక్కడ ఉన్నాకే ఎక్కు, అంతే... ఏమిటీ? యాకోబు చెయ్యా?

బెజవాడ పెద్దాసుపత్రిలో కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసేశారు.