అన్‌ప్లగ్డ్ అంటే పీకడమే కదా

హలో… ఆ, నానే, కెన్నీ బాబూ. మీ అప్పలసూరి బాబాయిని. సెప్పు.

…

గాజువాకలో ఉన్నాం. దాటతన్నాం. దాటతన్నామంటే… ముందర లారీ, ఎనకాల లారీ, మద్దిన మా వేను. కూర్మన్నపాలెం నించి మా స్టీల్ ప్లాంటు షిఫ్టోళ్లందర్నీ ఎక్కించుకొచ్చేత్తన్నాను. హాలు ఖాళీగా ఉంటాదేటోనని బెంగెట్టుకున్నావు కదా? ఇంక ఒగ్గీ ఆ బెంగ. మీ ‘ఉప్పుగాలి’ బేండుకి ఈయేళ కుర్చీలు సాలవు.

…

ఎలాగొప్పుకున్నారంటే… సగం మందికి భజనని సెప్పేను. సగం మందికి సినిమా పాటల ఆర్కెస్ట్రా అని సెప్పేను. రెండూ కాదని వేను కదిలేక సెప్పేను. ఈ ట్రాఫిక్కులో దిగి ఎక్కడికి పోతారు?

…

ఏటి? గట్టిగా సెప్పు. — ఒరే, గోల ఆపండర్రా, ఫోన్లో మన బేండు బాబు! — ఆ, ఇప్పుడు సెప్పు.

కరెంటు నేదా?

అవును, నేదు. ఎలాగుంటాది? నానే తీసీసేను కదా.

…

ఎందుకేటి? నువ్వే సెప్పేవు కదా బాబూ! మద్దేనం సామాన్లు దింపుతుంటే ఏటన్నావు? “బాబాయ్, ఈయేళ మన ప్రోగ్రాం అన్‌ప్లగ్డ్, కాస్త నువ్వు సూసుకో, మేం ఇళ్లకెళ్లి తయారై వస్తాం” అన్నావా, అననేదా?… అన్నావు కదా. సూసుకున్నాను. ప్లాంట్లో ఎలక్ట్రీషన్ని నాను. నాకు అన్‌ప్లగ్గంటే ఏటో తెలీదేటి?

…

కాదేటి?

మరేటి?

… ఆ.

… ఆఁ.

ఓహో. అంటే గిటారుకి కరెంటుండదు. పెద్ద స్పీకర్ల హోరుండదు. మైకుకి మట్టుకు ఉంటాది. లైటుకి ఉంటాది. ఫేనుకీ ఉంటాది. … మరలాంటప్పుడు దానికి అన్‌ప్లగ్డని పేరెందుకెట్టేరు బాబూ? సగం పీకి సగం ఉంచీదాన్ని మా ప్లాంట్లో ఏటంటారో తెల్సా? ఏక్సిడెంటు అంటారు.

…

అరవకు. నువ్వరిస్తే ఇక్కడ ఎనక సీటోడికి కూడా ఇనబడతంది.

…

ఏటేటి పీకేనంటే… అన్నీ పీకేను. మెయిన్ స్విచ్ ఆపీసేను. ఫ్యూజులు తీసీసేను. బోర్డుకి తాళమేసీసేను.… జనరేటరా? దాని వైరూ ఇప్పీసేను. ఎనకమాల నించి కరెంటొచ్చి ఎవుడికైనా కొట్టేస్తే? అందులోనూ మన కేథరిను సెమట సేతుల్తో మైకు పట్టుకుంటాది. పిల్లకేటైనా అయితే ఎవులు పాడతారు, నువ్వా?

…

సరే, నువ్వూ పాడతావులే.

…

వాచ్‌మేన్ ఊరుకోక ఏటి సేస్తాడు? నా హెల్మెట్టు సూసి సెల్యూట్ కొట్టేడు. టార్చి కూడా ఆడే పట్టుకున్నాడు.

…

తాళంసెవా?… తాళంసెవి భద్రంగా ఉంది బాబూ. దాని గురించి నువ్వు గాబరా పడకు. నా జేబులోనే ఉంది.

…

హలో?… హలో, ఉన్నావా?

ఫ్యూజులూ నా దగ్గరే ఉన్నాయి. జంతికల సంచిలో ఏసేను.

…

ఎవుడూ? చందూ యేనా? డ్రమ్ములు వాయించీ కుర్రోడు తాళాన్ని ఇటికెట్టి కొడతానంటన్నాడా? ఒద్దు! ఆపు ఆణ్ణి! ఫోను ఆడికియ్యి.… సరే, నువ్వే సెప్పు. బోర్డుకి ఎర్ర టేగు కట్టేను సూడు. “పని జరుగుతున్నది, స్విచ్ వేయరాదు” అని. ఆ టేగు కట్టినోడే ఇప్పాల. అదీ రూలు. మా ప్లాంట్లో జీఎమ్ము దొర దిగొచ్చినా దాన్ని ముట్టుకోడు. ఆడెవుడు, రెండు పుల్లలెట్టుకుని డమడమలాడించినోడు ముట్టుకుంటాడా?

…

అక్కడ ఏ పనీ జరగట్లేదంటావేటి? మీరు పాడతారు కదా. అది పని కాదేటి?

…

ఏటీ?… మెల్లగా సెప్తన్నావేటి?… ఎవులొచ్చేరు?

మీ నాన్నగారా! విజయరత్నం గారే? అప్పుడే? ముందు వరసలో కూకున్నారా?

ఓలమ్మో.

…

తెల్సు బాబూ. నాకు తెలీదేటి. మీ ఇంటి గుమ్మం కాడ నా సెవుల్తో నానిన్నాను. “మీ బేండులో హోరు తప్ప మాటేదిరా? ఈ ఒక్క సాయంత్రం వచ్చి ఇంటాను. ఒక్క మాటైనా ఇనబడకపోతే ఇంట్లో ఆ గిటారు అటకెక్కించీ, మళ్లీ దాని ఊసెత్తకు” అన్నారు. చర్చిలో ఊరందరికీ పాటలు నేర్పీ పెద్దమనిషి. అన్నమాట తిప్పుకోరు. అందుకే కదా నాను వేను కట్టించుకుని ఇంత జనాన్ని…

…

అంత మాటనకు.

…

ఇంకెప్పుడూ రావొద్దంటావా?

… 

సరే. రానులే.

రాను గానీ, ఒక్క మాట. బీచి రోడ్డులో ఆ కాఫీ హోటల్లో మీరు మొదటిపాలి పాడినప్పుడు ఇన్నోడెవుడు? నానొక్కణ్ణి. ఇంకో పిల్లి. ఆ పిల్లి కూడా మద్దిలో లేచిపోనాది. కేథరిను గొంతుకి మిరియాల పాలు ప్లాస్కులో ఎట్టి తెచ్చిందెవుడు? చందూ గాడి పెద్ద డ్రమ్ము బుజానేసుకుని మెట్లెక్కిందెవుడు? ఈ బేండుకి మొట్టమొదటి ‘వన్స్ మోర్’ కొట్టిందెవుడు?

…

ఆ, తెల్సు. అది పాట కాదు. మైకు టెస్టింగు. “చెక్, చెక్, వన్, టూ” అన్నావు. నాకేటి తెల్సు? కొత్త పాటనుకున్నాను.… బాగుంది కూడాను.

…

నవ్వేవా? నవ్వేవు. ఇనబడింది.

ఇప్పుడు నా మాటిను. నాను రెక్కలు కట్టుకుని ఎగిరినా అంత తొందరగా సీతమ్మధారలో మీ హాలుకి రాలేను. నువ్వా కిటికీలన్నీ బార్లా తీసీ. జనాన్ని ముందుకి జరగమను. కుర్చీలు మీ సుట్టూ గుండ్రంగా ఎయ్యమను, పెళ్లిపందిట్లో బంతికి కూకున్నట్టు కాకండా. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫోన్లకి లైట్లున్నాయి. కేథరిన్ని మైకు ఒగ్గీమను. ఆదివారం చర్చిలో మైకుంటేనే పాడతాదేటి ఆ పిల్ల?… చందూ గాణ్ణి ఆ పుల్లలు పక్కనెట్టి అట్టపెట్టె మీద సేత్తో కొట్టమను. మెల్లగా.

…

ఏ పాటంటే? క్రేను పాటే. ఇంకేటుంది?

…

ఎందుకొద్దు?

…

సిగ్గేటి బాబూ? మీ నాన్నగారు పోర్టులో క్రేను తోలతారు. ఆయన మీద కట్టేవా పాట. బీచిలో పాడేవు, కాలేజీల్లో పాడేవు, అంతంత స్పీకర్లెట్టి ఊరందరికీ ఇనిపించీసేవు. ఆయనొక్కడికే ఇనబడనేదు. పక్క గదిలో ఉండి కూడా ఆయన ఇన్నది హోరే.… అవునా, కాదా?

…

మరి పాడు.

…

ఆగు, ఆగు! ఫోను కట్ సెయ్యకు. నన్ను రావొద్దన్నావు, ఇనొద్దననేదు కదా. ఎక్కడో ఓసోట ఎట్టీ. స్పీకరు పక్కన… కాదులే, స్పీకరు సచ్చిపోనాది కదా. కుర్చీ మీదెట్టు. మీ నాన్నగారి పక్క కుర్చీ ఖాళీ యేనా?… ఆయన పక్కన కూకోడానికి అందరికీ బయ్యమే. అందులో ఎట్టీ. నాకు బయ్యం నేదు, నాను గాజువాకలో ఉన్నాను.

…

— ఒరే పోలిరాజూ, ఇంజనాపరా. ముందర లారీ కదిలితే కదల్నీ, నువ్వు కదలకు. డ్రైవరువి నువ్వే గానీ వేను మాటాడింది నాను. — జంతికలు నమలడం ఆపండర్రా, ఆ కరకరకి ఏటీ ఇనబడట్లేదు!

…

కుర్చీలు జరుపుతన్నారు.

ఎవులో దగ్గేరు. ఆ దగ్గు విజయరత్నం గారిదే.

… ఆ. గిటారు. ఇనబడతందర్రా? దోమ రొద కాదెహె, గిటారు.

… కేథరిను మొదలెట్టీసింది.

“పైనుంచి చూస్తే ఓడలన్నీ… మా నాన్న జేబులో బొమ్మలు…”

ఓరి నాయనో. ఇన్నాళ్లూ ‘బొమ్మలు’ అనా అంటంది? నాను ‘బొబ్బట్లు’ అనుకున్నాను. వాళ్ల నాన్న జేబులో బొబ్బట్లెందుకెట్టుకుంటారా అనుకునీవోణ్ణి.

… ష్.

… 

— ఎవుడ్రా ఆ హారను! లారీ బాబూ, నీకు దండమెడతాను, కొట్టకు! ఇక్కడ పాటవుతంది! — నువ్వు కిందకి దిగి సెప్పరా పోలిరాజూ. — ఆ, ఆపేడు. ఏటి, ఆడూ వచ్చి కిటికీ కాడ నిలబడ్డాడా? సరే, ఇననీ.

…

…

అయిపోనాది.

…

సప్పట్లేవి?

కెన్నీ?… హలో? ఒక్కడూ కొట్టట్లేదేటి? ఓరి దేవుడో, ఏటైపోనాది? ఇదిగో, ఇందుకే నానుండాల. జనానికి సిగ్గు. ముందు ఒకడు నోరు తెరవాల, అప్పుడు మిగిలినోళ్లు తెరుస్తారు. ఆ ఒకణ్ణి నాను, నానేమో ఇక్కడ… ఉండు, ఇక్కణ్ణించే కొట్టేస్తాను. — జరగండర్రా, గాలి పీల్చుకోనీండి. — వన్—

ఎవుడ్రా అది?

వన్స్ మోరన్నోడెవుడు? నా నోట్లో ఉండగానే లాగీసేడు! అది నాదిరా! ఈ బేండుకి వన్స్ మోరంటే నాను! పక్క కుర్చీలోంచే వచ్చింది, అంత పెద్ద గొంతు… కెన్నీ! ఒరే కెన్నీ బాబూ, ఫోను తియ్యి! సప్పట్లు తరవాత ఇందువుగాని, ముందు ఫోను తియ్యి!

… ఆ, నానే. ఎవుడాడు? పేరు సెప్పు సాలు.

…

మీ నాన్నగారా.

…

లేచి నిలబడి మరీ అన్నారా.

…

ఏడుస్తన్నావేటి బాబూ?… సెమటా? అవునులే, ఫేన్లు నేవు కదా. సెమటే.

…

నాకేటీ? నాకూ సెమటే. వేన్లో ఉక్క.

…

ఏటి? తాళం తియ్యొద్దంటన్నారా? ఎవులు, ఆయనే?… “ఎవరైనా స్విచ్చేస్తే ఊరుకోను” అన్నారా? నాను కట్టిన టేగు కన్నా గట్టి టేగే అది. ముట్టను బాబూ, వచ్చినా ముట్టను.

… వచ్చినా అంటే… నువ్వు రావొద్దన్నావు కదా.

…

రమ్మంటావా?

…

ఎవులడిగేరు? “పని జరుగుతున్నదని బోర్డెట్టిన ఆ హెల్మెట్టాయన ఏడీ” అనా? ఆయనే అడిగేరా? నన్ను ‘గారు’ అని కూడా అన్నారేటి?… అననేదా. పోనీలే.

వత్తన్నాను. మీ నాన్నగారికి నా మాటగా సెప్పు. ఆ వన్స్ మోరు ఈ ఒక్కపాలికీ ఆయనకి ఇచ్చీసేను. రెండోది మట్టుకు నాదే. నాను గుమ్మం తొక్కీదాకా ఎవుల్నీ నోరెత్తనీకు.

— పోలిరాజూ, బండి తియ్యరా! దారొచ్చింది, తియ్యి తియ్యి! —

… ఏటి, మళ్లీ మొదలెట్టీసేరా?

— ఆపరా. ఇంజనాపీ. ఆ లారీ ఆయన్నీ లోపలికొచ్చి కూకోమను. —

కెన్నీ బాబూ, పాడు, పాడు. ఫోను మళ్లీ ఆ కుర్చీలోనే… ఆఁ. కాస్త ఆయన వైపుకి తిప్పెట్టు.