లారీ ఎక్కిన గొయ్యి

మా మునిసిపల్ ప్లీడరుగారు టీకి వచ్చారంటే నేను టైపు మిషను మీద గుడ్డ కప్పేస్తాను. ఆయన నోరు విప్పాక నా వేళ్లు పనిచెయ్యవు. కోర్టు ఎదురుగా, నేను మిషను పెట్టుకుని కూర్చునే ఈ టీ కొట్టులోకి రావాలంటే గొయ్యి మీద వేసిన చెక్క దాటాలి. అటు గోడ, ఇటు మురుగు కాలువ, వేరే దారి లేదు. పైపుల కోసమని మునిసిపాలిటీ తవ్వి, నాలుగేళ్లుగా పూడ్చకుండా వదిలేసిన గొయ్యి అది. టీ కొట్టు అక్క మొగుడు అందులోనే పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ కొట్టు ఆవిడ ఒక్కతే లాక్కొస్తోంది. చెక్క దాటే ధైర్యం లేక సగం మంది రావడం మానేశారు. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవడమే. అందుకే గొయ్యి పూడ్చమని కోర్టుకెక్కింది.

అవతలి పక్షం ప్లీడరు ఈయనే. అయినా సిగ్గూ ఎగ్గూ లేకుండా రోజూ టీ మాత్రం ఆవిడ దగ్గరే, "చెల్లెమ్మా" అంటూ. కేసు పిలిచిన రోజున కోర్టు గుమ్మంలోంచే చెయ్యెత్తి "వాయిదా" అనేసి, జడ్జిగారు ఏమన్నారో కూడా వినకుండా చెక్క దాటి వచ్చేస్తారు.

ఆ రోజు బెంచీ మీద ముందే ఒకమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో కొలతల టేపు, ఒళ్లో పుస్తకం. ప్లీడరుగారు ఆ టేపు చూసి, కుట్టుపనా అమ్మాయ్, మంచిది, చేతిలో విద్య ఉండాలి అని దీవించేసి, ఆ పిల్ల నోరు తెరిచేలోపే పక్కన చతికిలబడ్డారు. అక్క నాకేసి ఒక చూపు చూసింది. నేను నోరు కట్టేసుకున్నాను. అక్క ఆయనకి గ్లాసు అందిస్తూ, బస్టాండు దగ్గర మునిసిపాలిటీ వాళ్లు కొత్త గొయ్యి తవ్వారట కదా అన్నయ్యగారూ, దాని ముందు మనది గిన్నెంత ఉంటుందని జనం అంటున్నారు అంది.

ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"ఎవరన్నారు? ఎవడా కుళ్లుబోతు? ఆ బస్టాండుది గొయ్యా చెల్లెమ్మా? కోడి గీకినంత లేదు. మన గొయ్యి దగ్గరుండి తవ్వించింది నేను. ఇంజినీరు ఐదడుగులు చాలన్నాడు. నాయనా, రేపు దీని మీద కేసు పడితే వాదించాల్సింది నేను, ఐదడుగుల గొయ్యి కోసం కోటు తొడుక్కుని నిలబడాలా, నాకు పరువుండొద్దూ, ఏడడుగులు తవ్వించు అన్నాను. ఎనిమిది మంది మనుషులు, పొద్దున్న దిగి మధ్యాహ్నానికి తేల్చేశారు. పొడుగు పన్నెండు, వెడల్పు ఆరు. నేనే స్వయంగా దిగి చూశాను, చెయ్యెత్తితే వేళ్లు మాత్రం బయటికి కనపడ్డాయి."

"నాలుగేళ్ల కిందటేనా సార్?" అంది ఆ అమ్మాయి, పుస్తకం తెరుస్తూ.

"వచ్చే నెలకి నాలుగు నిండుతాయి. రాసుకో తల్లీ, నలుగురికీ చెబుదువుగాని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా బావగారు, అదే ఈ చెల్లెమ్మ మొగుడు, కాస్త చూసుకుని పడొద్దూ, పాపం, అడ్డదిడ్డంగా పడ్డాడు. కేసు వేశారు. ఇంకొకడైతే వంద పేజీల జవాబు రాసేవాడు. నేను ఒక్కటే వాక్యం రాశాను. అక్కడ గొయ్యి లేదు. ప్రమాణం చేసి మరీ దాఖలు చేశాను."

"అది అబద్ధం కదండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"అబద్ధమా! ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం ఆడితే ఒట్టు. ఆ రోజు అక్కడ గొయ్యి లేదయ్యా. ఎందుకు లేదు? నేను ఎత్తించేశాను కాబట్టి. జడ్జిగారు, గొయ్యి సంగతి తేల్చండి అన్నారు. తేల్చడమెందుకు, తెస్తాను చూసుకోండి అన్నాను. మునిసిపాలిటీ చెత్త లారీ తెప్పించి, చుట్టూ పలుగులతో వదులు చేయించి, అంచు చెదరకుండా పైకి లేపించాను. మట్టిని కాదు, గొయ్యిని మాత్రమే. పనితనమంతా అక్కడే ఉంది. ఖాళీదే కదా బరువేముంటుంది అనుకుంటారు మీలాంటివాళ్లు. లోపల వాన నీళ్లు, కప్పలు, మా బావగారి చెప్పు ఒకటి. లారీ టైర్లు రెండు పేలిపోయాయి."

"కోర్టు ఎదురుగానేగా, లారీ ఎందుకండీ?"

"వన్‌వే కదటయ్యా! చట్టం తెలిసినవాణ్ణి, అడ్డంగా దాటతానా? ఊరంతా తిప్పి తీసుకెళ్లాను. దారిలో స్పీడు బ్రేకరు దగ్గర కాస్త తొణికింది. పెద్ద బజారులో అడుగడుక్కీ చిన్న చిన్న గుంటలు ఉంటాయి చూడు, అవన్నీ ఆ రోజు ఒలికినవే. జనం ఊరికే మునిసిపాలిటీని ఆడిపోసుకుంటారు. తీరా వెళ్తే కోర్టు గుమ్మంలో పట్టలేదు. పక్కకి వంచి నిలువుగా దూర్చాం. నీళ్లు పోయి రికార్డు రూములో ముప్పై ఏళ్లుగా దొరకని ఫైళ్లన్నీ తేలాయి. జడ్జిగారు బల్ల మీంచి వంగి చూశారు, కళ్లజోడు అందులో పడిపోయింది. తియ్యమని బంట్రోతుని దింపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి అన్నయ్యగారూ," అంది అక్క, గ్లాసు నింపుతూ.

"మధ్యాహ్నమైంది, రాడు. సాయంత్రమైంది, రాడు. వేసవి సెలవులొచ్చి వెళ్లిపోయాయి. ఒక రోజు కళ్లజోడు పట్టుకుని పైకొచ్చాడు. గడ్డం మోకాళ్ల దాకా. వెనకాల పెళ్లాం, ఇద్దరు పిల్లలు! అడుగున ఇంకో ఊరుందట. అక్కడా ఒక మునిసిపాలిటీ, అక్కడా ఒక ప్లీడరు, కాకపోతే వాడికి వాదన చేతకాదట, నన్ను పంపమని కబురు పెట్టారు. జడ్జిగారు లేచి నిలబడి, ఈ కుర్చీలో కూర్చోవలసింది మీరండీ అన్నారు. వద్దులెండి, మా చెల్లెమ్మ టీ చల్లారిపోతుంది అనేసి వచ్చేశాను."

"ఇప్పుడిక్కడ ఉన్నది ఆ గొయ్యేనా సార్?" అంది అమ్మాయి.

"అదే! సెలవుల తర్వాత తెచ్చి మళ్లీ దాని చోట్లో పెట్టించాను. ఏడడుగులకి అంగుళం తగ్గితే నా పేరు మార్చుకుంటాను."

అమ్మాయి లేచింది. అక్కా తనూ చెరో పక్కా పట్టి చెక్కని ఇవతలికి లాగేశారు. అమ్మాయి అంచున గొంతుక్కూర్చుని టేపు లోపలికి వదిలింది. ఆరడుగుల పది అంగుళాలు సార్, అడుగున బురద కూడా ఉంది కాబట్టి మీరు చెప్పింది సరిపోయింది అంది.

"కుట్టుపని చేసుకునే దానివి, నీకెందుకమ్మా ఇవన్నీ?"

"నేను లాయర్ని సార్. అసలు ఇక్కడ గొయ్యి ఉందో లేదో చూసి రిపోర్టు ఇమ్మని కోర్టు నన్ను పంపింది. పోయిన వాయిదా రోజున మీరు గుమ్మంలోంచి వెళ్లిపోయాక జడ్జిగారు వేసిన ఆర్డరు. రెండు పక్షాలూ ఉండాలని మీ కోసమే కూర్చున్నాను. నోటీసు కూడా పంపాను."

ప్లీడరుగారి చెయ్యి మెల్లిగా కోటు జేబులోకి వెళ్లింది. విప్పని కవర్లు మూడు బయటికొచ్చాయి. మధ్యలోది ఆ అమ్మాయి పంపినదే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"అంటే... ఆ లారీ, బంట్రోతు... అవన్నీ కూడా...?"

"లారీ రాయలేదు సార్. ఎవరు తవ్వించారు, ఎప్పుడు, ఎంత లోతు, అంతవరకే. కింద మీ సంతకం కావాలి."

సంతకానికేం తొందరమ్మా, ఆఫీసులో ఓ మాట అడిగి పెడతాను, ఇంకో రోజు పెట్టుకుందాం అని గొణుగుతూ ఆయన లేచారు. నాలుగు అంగలు వేసి అంచు దగ్గర ఆగిపోయారు.

"చెల్లెమ్మా, చెక్క వెయ్యి."

అక్క చెక్కని గోడకి ఆనించి దానికి అడ్డంగా నిలబడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచి అరిచి టీ అమ్మే మనిషి, అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"చెక్కెందుకు అన్నయ్యగారూ? అక్కడ గొయ్యి లేదని ప్రమాణం చేశారు కదా. నడిచి వెళ్లండి."

ప్లీడరుగారు కిందికి చూశారు. ఎదురుగా కోర్టు గంట కొట్టారు, ఆయన వేరే కేసు పిలిచే వేళైంది. ఆయన వెనక్కి తిరిగి వచ్చి, బెంచీ మీద కూర్చుని, నాకేసి చెయ్యి చాపారు.

"పెన్నుందా?"