అయిపోయిన బ్యాటరీ

దక్షిణ కొరియాలోని దేగూ నగరంలో ఒక ఆసుపత్రి. ఆపరేషన్ గది బయట బల్ల మీద అత్తా కోడలూ కూర్చున్నారు. లోపల కోడలి కొడుకు, రెండేళ్ల ఉజు మింగిన బొత్తామంత బ్యాటరీని డాక్టర్లు బయటికి తీస్తున్నారు.

"చొంగ కారుస్తూ, పెట్టిన గంజి కక్కేస్తుంటే తిన్నది అరగలేదనుకున్నానే. అడ్డుపడింది దిగడానికి మా అమ్మ చేసినట్టే వీపు నిమిరి, బొటనవేలికి దారం చుట్టి, సూదితో గుచ్చాను. నల్లటి రక్తం వచ్చింది. ఇంక తగ్గిపోతుందని సాయంత్రం దాకా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను."

"ఊరుకోండి అత్తయ్యా."

"డాక్టరేమన్నాడు? దాచకు."

"గొంతు కింద ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుందట. ఎంత కాలిందో తీశాకే తెలుస్తుందట."

"అయితే పొద్దుగూకేదాకా నా ఒళ్లోనే కాలుతూ ఉన్నాడన్నమాట."

"తప్పు మీది కాదు."

"నన్ను ఓదార్చడం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"ఓదార్పు కాదు. పొద్దున వంటింటి తూకం మిషన్‌కి కొత్త బ్యాటరీ వేసింది నేనే. పాతది అయిపోయిందిగా, ఏం చేస్తుందిలే అని బల్ల మీదే వదిలేసి ఆఫీసుకి పోయాను. అయిపోయినది కూడా కాలుస్తుందట."

అత్త కోడలి వైపు తిరిగింది.

"మావాడికి చెప్పావా?"

"లేదు. మీకే మొదట చెప్పాను."

"ఊఁ."

"అత్తయ్యా, నాకిక్కడ గుండెల్లో ఏదో అడ్డుపడినట్టుంది."

"చెయ్యి ఇటివ్వు."

"గుచ్చుతారా?"

"సూది పారేశానే. పట్టుకుంటానంతే."