మూడో బేరానికి మూడో ఆయిల్

చర్ల బస్టాండు ఎనక రేకుల షెడ్డు, మంగళారం పొద్దుగాల. మేస్త్రి హరిలాల్ తమ్ముని బండికి ఐదు రోజులల్ల రెండోసారి ఆయిల్ మార్చబోతుంటే, ఆ తమ్ముని పెండ్లాం సోని, ఊర్లు తిరిగే నర్సు, డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డది. ఇగ మిగిలిందంత వాళ్ళ నోటి నుంచే ఇనాలె.

"చెయ్యి తియ్యి సోనీ."

"తియ్య. ముందుగాల అదేం ఆయిలో చెప్పు."

"ఆయిల్ ఆయిలే. నీకెందుకు?"

"డబ్బా ఇటు తిప్పు... ట్వంటీ ఫిఫ్టీ! బావా, ఇది వంద సీసీ బండి. బుల్లెట్టు గాదు."

"బుల్లెట్టే సప్పుడు చెయ్యక తాగుతుంటే దీనికేం రోగం?"

"దీని బుక్కుల టెన్ థర్టీ అని రాసుంది. మొన్న కొత్తగూడెం మీటింగుకు పోయినప్పుడు ఆడికెల్లి తెచ్చిన. ఇగో, సంచిల ఉంది. ఇది పొయ్యి."

"ఏదీ, ఇటియ్యి... అయ్యో, ఇది ఆయిలా? వేలు మీద పోస్తే నీళ్ళ లెక్క జారిపోతుంది. దీన్ని పోసి నేను బండి బయటికి పంపితే చర్లల నన్ను మేస్త్రి అంటరా?"

"జారాలనే కదా పోసేది! ముందటి నంబరు బండి సల్లగున్నప్పటి లెక్క, ఎనకాల నంబరు కాగినంక లెక్క. నంబరు పెరిగిన కొద్ది చిక్కదనం. పొద్దుగాల కిక్కు కొట్టంగనే పలుచటిది జల్ది పైదాక ఎక్కుతది. నీ చిక్కటిది మెల్లగ ఎక్కేసరికి లోపల ఇనుము ఇనుమూ ఒట్టిగనే రాసుకుంటది."

"పదిహేనేండ్ల సంది పానా పట్టుకున్న. ఇయ్యాల నర్సమ్మ వచ్చి నాకు నంబర్లు చెప్తుంది, సూడున్రి!"

"పదిహేనేండ్ల సంది ఒకటే మందు. సప్పుడొస్తే చిక్కటి ఆయిల్. పొగొస్తే చిక్కటి ఆయిల్. గుట్ట ఎక్కకపోతే చిక్కటి ఆయిల్. నేను గూడ గట్లనే చెయ్యాల్నా? జరమొచ్చినా, కాలిరిగినా, కాన్పొచ్చినా ఒకటే సూది?"

"కాలు మాట ఎత్తకు."

"ఎందుకు ఎత్తొద్దు?"

"ఎత్తకన్న కదా! ఆ బుక్కు రాసినోడు మే నెలల ఎప్పుడన్న చర్లకొచ్చిండా? ఈ ఎండకు నీ నీళ్ళ ఆయిల్ ఆగుతదా?"

"ఎంత ఎండకు ఏది పొయ్యాల్నో అండ్ల పట్టీ ఉంది బావా. మన ఎండ గూడ ఉంది. నేను ఇంగ్లీషుల సదివిన. నువ్వు దాన్ని స్క్రూలు పెట్టుకోనీకి చింపినవ్."

"ఆ... అది ఎప్పటి ముచ్చటో."

"సరే, ఇంకోటి అడుగుత. పోయిన శుక్రారం బిచ్యా వచ్చిండు. బండి టకటక కొట్టుకుంటుందని ఎళ్ళిపోయిండు. నువ్వు నాకు చెప్పకుంట ట్వంటీ ఫార్టీ పోసినవ్. ఆదివారం ఎంకటాపురం పంతులు వచ్చిండు. మళ్ళ టకటక. ఆయనా పోయిండు. ఇయ్యాల సర్వీసింగు అని నన్ను పిలిపించి ట్వంటీ ఫిఫ్టీ తీసినవ్. అంటే ఇంకోడు వస్తుండు. అవ్ నా, కాదా?"

"ఎవడు చెప్పిండు నీకు?"

"నీ చేతుల డబ్బానే చెప్తుంది. పాత బండి సప్పుడు అమ్మేదాక దాచనీకే నువ్వు ఇంత చిక్కటిది పోస్తవ్. చర్లల తెల్వనోడెవడు?"

"వస్తే వస్తుండు. దొంగతనమా? బండి నా తమ్మునిది. అమ్ముదామని సంతోష్‌ని అడిగిన. తలకాయ ఊపిండు."

"తలకాయ ఊపిండు. నోరు తెరిచిండా?"

"నా తమ్ముడు నా మాట ఎన్నడు దాటలే. నోరు తెర్సేదేంది?"

"మరి నన్నెందుకు అడగలే?"

"నిన్ను అడుగుడేంది! తండల ఏమంటున్రో ఇనబడుతుందా నీకు? తండ పెద్ద, ఆ నాయక్, నన్ను కూసోబెట్టి అడిగిండు. హరిలాల్, మీ ఇంటి కోడలు గేర్ల బండి మీద కాలు అటొకటి ఇటొకటి ఏసుకోని పోలీసు క్యాంపు ముందట్నుంచి పోతుందంట, నిజమేనా అని. నేనేం చెప్పాలె?"

"నిజమే అని చెప్పు. పెట్టెల మందులుంటయ్, ఐసుంటది, పిల్లల సూదులుంటయ్ అని గూడ చెప్పు. క్యాంపోళ్ళు పెట్టె తెరిచి సూస్తరు, మళ్ళ మూసి పొమ్మంటరు. వాళ్ళకు లేని నొప్పి మీ నాయక్‌కు ఏంది?"

"నడిచి పో. మొదట్ల నడిచే కదా పోయినవ్?"

"పోయిన. పోయిన వానాకాలం రెండు వాగులు దాటి పోయేసరికి ఐసంత నీళ్ళయింది. మందు పనికిరాదని పారబోసిన. వచ్చే నెల ఏస్తనని చెప్పొచ్చిన. ఆ నెలలనే ఆ ఊరి దస్రు బిడ్డకు తట్టు పోసింది. ఎడమ కన్ను పోయింది బావా. నాలుగేండ్ల పిల్ల. నన్ను సూస్తే ఇప్పటికి గూడ ఉరికొచ్చి కొంగు పట్టుకుంటది, దానికేం తెల్వది. నాకు తెలుసు. నేను మళ్ళ నడవ."

"నడవకు. కానీ ఈ బండి మాత్రం వద్దు."

"ఎందుకొద్దు?"

"ఈ బండి నా తమ్ముని కాలు తిన్నది సోనీ. ఆరు నెల్లయింది, వాడు మంచం దిగలే. రేపు నువ్వు గూడ ఏ వాగులనో పడితే ఆ ఇద్దరు పోరగాండ్లను ఎవరు సాకాలె? నేనేనా?"

"గది నీ భయం. భయమైతే భయమని చెప్పు, నేను ఇంట. నాయక్ మీద పెట్టి చెప్పకు. కానీ నీ భయానికి నా బండి అమ్ముతనంటే ఊకోను."

"నీ బండి గాదు."

"రేపు బుధవారం. ఏడు గొట్టంగనే దవాఖానాల ఐసు పెట్టె నా చేతుల పెడ్తరు. ఆడికెల్లి అడవిల నాలుగు గుంపుల గుడిసెలన్ని తిరగాలె. రేపు ఎవరి బండో సూద్దాం."

"అరే! అన్నట్టు, నిన్న మా ఇంటి ముందట్నుంచి పోయినవ్ కదా? నాకు సప్పుడే ఇనబడలే. ఇయ్యాల తండ నుంచి వస్తుంటే బస్టాండంత లేచి సూసింది. ఏంది కథ?"

"నిన్న గాలి అటు కొట్టిందేమో."

"గాలా?"

"నువ్వు తింటున్నవేమో. నాకేం తెలుసు? మేస్త్రివి నువ్వు."

"పిస్టన్ గీకుతున్నట్టుంది. అందుకే చిక్కటిది పడాలె. చెయ్యి తియ్యి."

"సరే. పొయ్యి. కానీ ఒక్క మాట. ఇది పోసినంక గూడ సప్పుడు ఆగకపోతే?"

"ఆగకపోవుడా? నా చేతులు పానా పట్టుకున్న సంది ఇది పోస్తే ఆగని బండి లేదు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే నీ ఇష్టం. తీస్కపోయి అడవిల తోలుకో. మళ్ళ ఎవ్వర్ని తోల్కరాను, పో."

"ఆ మాట వచ్చేటాయన ముందట మళ్ళ అనాలె."

"అంట! పది మంది ముందట అంట! జరుగు, పోయనీ."

"మేస్త్రీ, ఉన్నవా? నేనే, జంపయ్యను."

"రా రా జంపయ్యా, నీ గురించే అనుకుంటున్న. నిమిషం ఆగు, మూత పెడుతున్న... ఆ, అయింది. ఇగో, బండి. సూడు, అద్దం లెక్క తుడిచిపెట్టిన."

"ఇదా? ఈ ఐసు పెట్టె కట్టే కమ్మి... నర్సమ్మా, నువ్వేంది ఈడ? ఈ బండి మీదనే కదా నువ్వు మా గుంపుకొచ్చేది?"

"అవ్ మామా. ఇదే."

"ఇది నేను కొంటే నువ్వెట్ల వస్తవ్?"

"మేస్త్రిని అడుగు మామా."

"జీపొస్తది జంపయ్యా. సర్కారోళ్ళు జీపు ఇయ్యరా?"

"మా తొవ్వకు ఏ జీపొస్తది మేస్త్రీ? ఎద్దుల బండే ఇరుక్కుంటది. నాకైతే సంతకు చింతపండు తోలనీకి బండి గావాలె, కాదన. కానీ ఇది నర్సమ్మదని నువ్వు చెప్పలే."

"నర్సమ్మది గాదు, నా తమ్మునిది. నువ్వు కిక్కు కొట్టి సూడు ముందు."

"కొడ్త... అబ్బా! గట్టిగుంది. నా మోకాలు పోయేటట్టుంది."

"కొత్త ఆయిల్ కదా. చిక్కటిది, బలమైంది. ఇంకోసారి."

"ఇంకోసారా... ఆ, లేచింది."

"చెప్పలే? ఒక్క... ఆగు... ఏంది..."

"మేస్త్రీ, ఇది టకటక అంటుంది."

"ఆయిల్ ఇంకా పైకెక్కలే. కాగనీ."

"ఎక్కిందా?"

"జర ఆగు."

"ఇప్పుడు ఎక్కిందా?"

"రేజ్ చెయ్యి. ఇంకింత. చెయ్యి!"

"చేస్తే ఇంకా ఎక్కువైంది! పొద్దు గూకేదాక ఎక్కుతదా నీ ఆయిల్? మా గుంపుల డోలు గూడ గింత సప్పుడు చెయ్యది. బందు చెయ్యి, చెవులు పోతున్నయ్."

"జంపయ్యా, నా మాట ఇను..."

"వద్దు మేస్త్రీ. సప్పుడుకు సప్పుడుంది, పైనుంచి నర్సమ్మ నోటి కాడిది. నాకొద్దు. నేను పోత."

"మామా, ఆగు. మా బావ నీ ముందట ఒక మాట అంటనన్నడు. అను బావా."

"ఏ మాట?"

"మరిచినవా? పది మంది ముందట అంటనంటివి."

"... సప్పుడు ఆగకపోతే బండి ఆమె ఇష్టమన్న. సరేనా? తుక్కు బండి. తీస్కపో. ఎవ్వర్ని తోల్కరాను."

"ఇన్నవా మామా?"

"ఇన్న నర్సమ్మా. మా గుంపుల గూడ చెప్త. మేస్త్రీ, మాట ఇచ్చినవ్, సూస్కో."

"జంపయ్యా! ఆగు, చాయ్ తాగి పోదువు. నేను గూడ వస్తున్న, ఆగు!"

హరిలాల్ హోటల్ దాక ఎంబడివడి పోయి, రెండు చాయ్‌లు తాగించి, జంపయ్యను ఎంత బతిమాలినా లాభం లేక షెడ్డుకు తిరిగొచ్చేసరికి గంట దాటింది.

"ఏంది, నా ఆయిలంత దింపేసినవా?"

"దింపిన. అగో, డబ్బాలనే ఉంది నీది. నాది పోసిన."

"నీ ఖర్మ. నీళ్ళు పోసుకున్నా ఒకటే ఇగ."

"కిక్కు కొట్టు బావా."

"నేనెందుకు? నీ బండి, నువ్వే కొట్టుకో."

"నా బండి అన్నవ్! అదొక్కటి చాలు. కొట్టు, ఒక్కపారి."

"... ఇగో... అరే, చెయ్యితోనే లేచేటట్టుంది."

"ఊ. ఇంకా?"

"ఇంకా ఏంది... ఆగు. సప్పుడేది?"

"ఏ సప్పుడు?"

"టకటక ఏది సోనీ? ఏది? ఈ నీళ్ళసొంటి ఆయిల్‌తోని పోయిందా? పలుచటిది పోస్తే సప్పుడు పోవుడేంది! నేను ఎక్కడ సూడలే గిసొంటిది!"

"కిక్కు తేలికైంది సూడు, అది ఆయిల్‌తోని. సప్పుడు ఆయిల్‌తోని పోలే."

"మరి?"

"ఇంజన్ నెత్తి మీద రెండు మూతలున్నయ్ కదా. వాటి మీద పానా పెట్టిన గుర్తులు సూడు."

"టాపెట్లా? ... ఆ వాల్వు మరలు లూజైతే టకటకే కదా! లూజుండెనా? ఓరి నీ... నేను తెర్సి సూడనే లేదు!"

"తెర్వవని తెలుసు. సప్పుడు ఇనబడితే నీ చెయ్యి పానా మీదికి పోదు బావా, డబ్బా మీదికే పోతది. మూడు బేరాలు తోల్కరా, మూడు డబ్బాలు పోస్తవ్ గానీ ఆ మూత తెర్వవ్."

"లూజ్ ఎవరు చేసిన్రు?"

"నేనే. బేరమున్న పొద్దుగాల లూజ్ చేస్త. నేను గుంపులకు పోయే రోజు టైట్ చేస్త. నిన్న నీకు ఇనబడలే కదా, అందుకే."

"అబద్ధం! బేరమున్నదని నీకెట్ల తెలుస్తది? బిచ్యా వచ్చేది నేను బయట చెప్పలే. పంతులు వచ్చేది చెప్పలే. జంపయ్య వచ్చేది నా పెండ్లానికి గూడ చెప్పలే!"

"అవ్. ఒక్కనికే చెప్పినవ్."

"ఎవనికి? సంతోష్‌కి తప్ప ఎవనికి... ఏయ్. వాడు తలకాయ ఊపిండు సోనీ. మూడు సార్లు అడిగిన, మూడు సార్లు ఊపిండు."

"ఊపిండు బావా. నువ్వు గడప దాటంగనే నన్ను మంచం కాడికి పిలిచి, పానా చేతుల పెట్టి, 'పావు చుట్టు చాలు సోనీ, మా అన్న డబ్బా తీస్తడు' అన్నది నీ తమ్ముడే."