పది మీటర్ల కేబుల్

కార్తాగో బజారు దుకాణంలో, కరెంటు కారు ఛార్జింగ్ కేబుళ్లలోంచి మొగుడు పది మీటర్లది తియ్యగానే ఇల్సె మొహం చిట్లించింది.

"మన ప్లగ్గు కారు పక్కనేగా ఉంది. ఇంత పొడుగుదెందుకు?"

"అమ్మ వరండా దాకా అందాలి."

"అత్తయ్య కరెంటా? ఆవిడకి చెప్పావా?"

"చెప్పేదేముంది, పక్కిల్లేగా. నెల నుంచీ అక్కడే పెడుతున్నా. పాత కేబుల్ చాలీచాలక ఊడిపోతోంది."

ఇల్సె ఆ కేబుల్ అతని చేతిలోంచి లాక్కుంది.

"బిల్లెందుకు పెరిగిందో తెలీక ఆవిడ షవర్ హీటరు కట్టేసుకుంది. ఈ చలిలో చన్నీళ్లు పోసుకుంటోంది, తెలుసా?"

"తెలుసు. అమ్మకి అలవాటైపోయిందిలే."

"ఛీ. ఆ పొట్టిది తీసుకో. మనింట్లో హీటరు నేను కట్టేస్తాను. రేపట్నించి నువ్వూ అలవాటు చేసుకుందువుగాని."