నీళ్లు మరిగేదాకా

అమ్మలారా, అయ్యలారా, పాస్టరుగారూ, ముందు వరుసలో కూర్చున్న అక్క కూతురా, నా తల్లీ,

పొద్దున్నే వచ్చారు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు, డ్యూటీకి పోతూ వచ్చినవాళ్లున్నారు. కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డవాళ్లున్నారు. శనివారం పొద్దున చర్చి హాలు ఇలా నిండటం కొత్తేం కాదు. అక్క లేకుండా నిండటమే కొత్త. అదిగో, ఆ వంటగది గుమ్మంలో భుజాన తువ్వాలు వేసుకుని, చేత గరిటె పట్టుకుని, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ముఖం చూసి చెప్పే మనిషి ఇవాళ లేదు. మంగళవారం ఆవిణ్ణి మట్టికి అప్పజెప్పి వచ్చాం. ఇంకా నా కళ్లు ఆ గుమ్మం వైపే పోతున్నాయి. మీవి పోవడం లేదా?

నేను మాట్లాడేవాణ్ణి కాదు. పొయ్యిలు బాగుచేసేవాణ్ణి. హోటళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రి వంటశాలలు, ఈ ఊళ్లో ఎక్కడ పెద్ద పొయ్యి మండుతున్నా దాని మీద ఎప్పుడో ఒకప్పుడు నా చెయ్యి పడే ఉంటుంది. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. సరే, గొప్పే అనుకోండి. చదువంటారా, సంతకం వరకే. ఆదివారం ఆరాధనకి నేను రానని కూడా మీకు తెలుసు. మరి ఈ మైకు నాకెందుకిచ్చారు? అక్క కూతురు ఇప్పించింది. "అమ్మ అడిగినప్పుడల్లా తప్పించుకున్నావు మామయ్యా, ఇవాళ ఎక్కడికి పోతావు" అంది. ఎక్కడికి పోను? నిలబడ్డాను.

ప్రతి శనివారం ఫలహారాల వేళ ఈ హాల్లో మాట్లాడేవాడు ముందు తన నిన్నటి సంగతి చెప్పాలి. అది అక్క పెట్టిన నియమం. నా నిన్నటి సంగతి నేనూ చెబుతాను, కానీ కాస్త ఆగి చెబుతాను. అక్కా, గరిటె ఎత్తకు. చెబుతానన్నాను కదా.

ముందు నేనిక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. ఆ రోజుల్లో ఈ శనివారం ఫలహారాల దగ్గర ప్రార్థన చాలా పొడుగ్గా సాగేది. ఒకరు ముగిస్తే ఇంకొకరు అందుకునేవారు. రొట్టెలు ఆరిపోయేవి. అక్క చూసి చూసి, ఇక మౌనంగానే ప్రార్థన చేసుకుందామని, టీకి పెట్టిన నీళ్లు మరిగేదాకా అది చాలని తేల్చేసింది. ఎవరు ఏం చెప్పుకోవాలన్నా ఆ లోపలే దేవుడితో చెప్పుకోవాలి. అందరూ ఒప్పుకున్నారు. కొన్నాళ్లకి పొయ్యి మందగించింది. నీళ్లు ఎంతకీ మరగవు. జనం కళ్లు మూసుకుని అలా నిలబడే ఉన్నారు. నాకు కబురొచ్చింది. వస్తే, అక్క అన్న మొదటి మాట ఇది: "తమ్ముడూ, ఈ పొయ్యి వల్ల మా వాళ్లు మరీ భక్తులైపోతున్నారు. కాస్త చూడు."

నవ్వండి. ఆవిడ నవ్వించడానికే అంది.

పొయ్యి బాగుచేశాను. రొట్టె, గుడ్డు పెట్టింది. తిన్నాను. మరుసటి శనివారం పొయ్యి ఎలా మండుతుందో చూసి పోదామని వచ్చాను. ఆ తర్వాత వారం కూడా అదే చూడటానికి వచ్చాను. ఇదిగో, ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నాను.

ఆ నియమం ఎలా పుట్టిందో కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. ఎక్కడినుంచో ఒక పెద్ద బోధకుణ్ణి పిలిచారు. రోజువారీ బతుకులో విశ్వాసం అని బ్యానరు కట్టారు. ఆయన గొంతు కంచుగంట. కొండల్ని కదిలించే విశ్వాసం గురించి ఎత్తుకున్నాడు. కొండలు కదులుతున్నాయి, గుడ్లు చల్లారుతున్నాయి, బస్సు డ్రైవర్లు వాచీలు చూసుకుంటున్నారు. అప్పుడు గిన్నె అంచు మీద గరిటె టంగుమంది. గుమ్మంలోంచి అక్క అడిగింది: "అయ్యా, కొండల సంగతి ఆనక చూద్దాం. నిన్న మీరేం చేశారు?"

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. మళ్లీ నోరు తెరిచినప్పుడు ఆ కంచుగంట లేదు, మామూలు మనిషి గొంతు. నిన్న తన భార్యతో మాట్లాడలేదన్నాడు. మొన్న కూడా మాట్లాడలేదట. ఎందుకు మొదలైందో మరిచిపోయాడట, పంతం మాత్రం మరిచిపోలేదట. కొండల్ని కదిలించమని ఊరూరా చెబుతూ, తన ఇంట్లో తను పక్కగదిలోకి కదల్లేకపోయాడట. ఇక్కడున్న మగాళ్లు సగంమంది తలొంచుకుని పళ్లేల్లోకి చూసుకున్నారు. నేను చూశాను. ఆయన వెళ్లేటప్పుడు అక్క రెండు పొట్లాలు కట్టి ఇచ్చింది. రెండోది ఎవరికో ఆయన అడగలేదు.

ఆ రోజునుంచీ అదే పద్ధతి. వచ్చినవాడు తాళాలు చేసేవాడు కానీ, లెక్కల పంతులు కానీ, కంపెనీ పెద్ద కానీ, మొదటి మాట "నిన్న" అనే ఉండాలి. బతుకంతా ఎలా బతకాలో చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నిన్న ఎలా బతికావయ్యా అని అడిగే మనిషి ఎక్కడ దొరుకుతుంది? మీకెవరికైనా దొరికిందా, ఈ గుమ్మం దగ్గర తప్ప?

ఇంకొక శనివారం. కాన్పుల ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మాయి వచ్చింది. చిన్న పిల్ల. నిన్న తన చేతుల్లో ఒక బిడ్డ పోయిందని చెప్పింది. ప్రార్థన చేశానని, అయినా పోయిందని చెప్పింది. అక్కడితో ఆగిపోయింది. సంఘపెద్ద ఒకాయన లేచాడు. మంచివాడు, ఇప్పుడూ మన మధ్యే ఉన్నాడు, నేను చెబుతున్నందుకు ఏమీ అనుకోడు. దేవుడి ఆలోచన మనకి అర్థం కాదమ్మా అని మొదలుపెట్టబోయాడు. గరిటె మోగింది. "నువ్వు చెప్పకు. ఆ జవాబు నీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. కూర్చుని ఆ పిల్లకి టీ పోసివ్వు."

ఆయన పోశాడు. కప్పు నిండి సాసరులోకి పొర్లేదాకా పోశాడు. ఆ అమ్మాయి తాగింది, అక్క తువ్వాలుతో ముఖం తుడుచుకుంది, డ్యూటీ టైమైందని లేచి మళ్లీ ఆ ఆసుపత్రికే, ఆ వార్డుకే పోయింది. విశ్వాసమంటే ఏమిటో నాకెవరూ విడమర్చి చెప్పలేదు. ఆ మెట్లు దిగి పోతున్న చెప్పుల చప్పుడు మాత్రం విన్నాను. నాకది చాలు.

అక్క తన సంగతి తను ఒక్కసారే చెప్పింది. బావగారు పోయిన తర్వాతి శనివారం. ఆవిడ రాదనుకున్నాం. మాకంటే ముందే వచ్చి రొట్టెలు కోస్తోంది. మాట్లాడాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఇప్పుడు నేను నిలబడ్డ చోటే నిలబడింది. "నిన్న నాకు దేవుడి మీద కోపం వచ్చింది. ఇంట్లో గిన్నెలన్నీ ముందరేసుకుని తోమాను. కోపం పోలేదు. గిన్నెలు మాత్రం తెల్లబడ్డాయి. గుడ్లు తినండి, చల్లారిపోతాయి." అంతే. లోపలికి పోయింది. ఎన్నో ప్రసంగాలు విన్నాను, అయ్యా. నాకు కంఠతా వచ్చింది ఈ ఒక్కటే.

ఇప్పుడు నా నిన్నటి సంగతి.

సంఘపెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. అక్క లేకుండా ఈ ఫలహారాలు నడవవనుకున్నారు. వంటగది మూసేసి, గోడ తీసి, హాలు పెద్దది చేద్దామనుకున్నారు. పాస్టరుగారు పిలిచి, పొయ్యి విప్పి తీసుకుపొమ్మన్నారు. ఆయన్ని నేనేం తప్పుపట్టను. చెబుతున్నప్పుడు ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

నిన్న పొద్దున వచ్చాను. పైపు విప్పాను. బర్నర్లు విప్పి నేల మీద పరిచాను. ఒకటి తిరగేసి చూశాను. రంధ్రాల్లో మసి లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. ఆసుపత్రిలో చేరేముందు అక్క పిన్నీసు పెట్టి అన్నీ శుభ్రం చేసి పోయింది. నడుం వంచలేని మనిషి ఆ పని కూర్చుని చేసిందో, నిలబడి చేసిందో. నన్ను పిలిస్తే నేను చెయ్యనా?

దాన్ని చేత్తో పట్టుకుని ఉండగా గుమ్మంలో నీడ పడింది. బ్యాంకు వాచ్‌మన్, కాపలా డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడు. మీలోనే ఉన్నాడు, వెనక నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేల మీద సామాను చూశాడు, నా చేతిలో స్పానరు చూశాడు. ఒక్కటే అడిగాడు: "రేపు ఉందా?"

"ఉంది" అన్నాను.

నన్ను మొరటువాడంటారు. కోపిష్టి అంటారు. కాదనను. అబద్ధాలకోరు అని మాత్రం ఈ వయసుదాకా ఎవడూ అనలేదు, అననివ్వలేదు. నోటినుంచి మాట జారింది. ఇక దాన్ని నిజం చెయ్యడం తప్ప నాకు దారేది? విప్పినవన్నీ మళ్లీ బిగించాను. గ్యాసు కారుతోందేమోనని పైపుకి సబ్బునీళ్లు రాసి చూశాను. వెలిగించాను. మంట నీలంగా, నిటారుగా లేచింది. ఇదీ నా నిన్న. అక్కా, చెప్పేశాను.

పాస్టరుగారూ, మీరు చెప్పిన పని నేను చెయ్యలేదు. చెయ్యను కూడా. ఇంకెవరినైనా పిలిపించుకోండి. కాకపోతే ఈ ఊళ్లో ఆ పని తెలిసినవాళ్లందరూ నా దగ్గర నేర్చుకున్నవాళ్లే.

కానీ ఉన్న మాట చెప్పాలి. నాకు పొయ్యి వెలిగించడం వచ్చు, వంట రాదు. పొయ్యి వెలిగినంత మాత్రాన శనివారం అయిపోదు. రొట్టెలు కొయ్యాలి. గుడ్లు ఉడకెయ్యాలి. వచ్చే వారం ఎవరు మాట్లాడాలో వెళ్లి పిలవాలి. ఎవడైనా కొండలెక్కితే గరిటె మోగించి కిందికి దించాలి. అదంతా అక్క ఒక్కతే చేసింది, మనం తిన్నాం. ఇప్పుడు ఒక్కరు చాలరేమో. ఇద్దరు లేవండి, నలుగురు లేవండి. ఎవరూ లేవకపోతే నేను నిన్న అన్న మాట ఈ ఒక్క రోజుకే నిజమవుతుంది. వచ్చే శనివారం ఆ వాచ్‌మన్ గుమ్మంలోకి వస్తే ఏం చెప్పమంటారు?

మైకు పట్టుకోక ముందే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చాను. అక్క గరిటె అదిగో, ఆ బల్ల మీద ఉంది. నేనైతే దాన్ని ముట్టుకోను, అది నా పనిముట్టు కాదు, లేచేవాళ్లది.

అందరూ లేవండి. లేవలేనివాళ్లు కూర్చునే ఉండండి, అక్క ఏమీ అనుకోదు. కళ్లు మూసుకుందాం. అక్కతో చెప్పుకునేది అక్కతో, దేవుడితో చెప్పుకునేది దేవుడితో చెప్పుకోండి. నీళ్లు మరిగేదాకా. పొయ్యి బాగా మండుతోంది, ఎక్కువసేపు పట్టదు. నేనూ మూసుకుంటాను. గరిటె చప్పుడు వినబడ్డాకే తెరుస్తాను.