దాలయ్య బావకి నిద్ర పట్టిన రోజు

ఆ కుర్చీ ఇటు లాక్కోమ్మా, ఎండ మీద పడతంది. సీతమ్మధార నుంచి రెండు బస్సులు మారి ఒచ్చావేటి, మీ తాత గురించి అడగడానికి? మీ అమ్మనడగొచ్చు కదా. సెప్పదా? సెప్పదులే, రోజారమణి సిన్నప్పట్నుంచీ అంతే, నోట్లోంచి మాట రాదు. ఏదీ ఆ ఫొటో, ఇలాతే. హేమశ్రీ, ఇది జబ్బు సేసినాక తీసిన ఫొటో. దీన్ని సూసి మీ తాత ఇలాగుండీవోడనుకోకు. దాలయ్యా నానూ స్టీల్‌ప్లాంట్లో ఒకే రోజు జాయినయ్యాం, కోక్ ఓవెన్లలో. అంటే బొగ్గు కాల్సే సోటన్నమాట. బూటు కింద నేల కాల్తంటే అక్కడ నిలబడి బీమిలి కబుర్లు సెప్పీవోడు ఆడు. ఆడిది బీమిలి దగ్గర ఊరు, నాదేమో అనకాపల్లి పక్క. ఏ సుట్టరికమూ నేదు, అయినా బావా అంటే బావా. ప్లాంటు కాలనీ సెక్టారులో ఆడి క్వార్టరుకీ నా క్వార్టరుకీ మధ్య ఒక్క గోడే. మీ అమ్మమ్మ దేముడమ్మ నన్ను అన్నా అనీది. ఆ పిలుపుకి ఇలవిచ్చానా అంటే, ఒక ఆర్నెల్లు ఇవ్వనేదు. సెప్తాను, సెప్తాను.

మీ అమ్మమ్మ అప్పికొండ సముద్రంలో బాప్తిస్మం తీసుకుంది. మీ తాత కోసం కాదు, అప్పటికి ఆడికి జబ్బే నేదు. పక్క ఈదిలో ప్రార్థన కూటానికి ఎలతా ఎలతా ఎళ్ళిపోయింది. నానేమో సింహాచలం అప్పన్న మనిషిని, నాకు కోపమొచ్చింది. 'దేముడమ్మా, పేరులోనే దేముణ్ణెట్టుకుని మల్లీ ఇంకో దేముడెందుకే నీకు' అన్నాను. నవ్వి ఊరుకుంది. నాను ఊరుకోనేదు, ఆర్నెల్లు ఆ గుమ్మం తొక్కనేదు. ఇప్పుడు తలుసుకుంటే సిగ్గేస్తాది గుంటా. ఆర్నెల్లంటే తక్కువేటి? మీ తాతకి మిగిలిందే నాలుగేళ్ళు.

గొంతులోన కేన్సరు. మొదట గొంతు బొంగురు పోయింది, బొగ్గుపొడేలే అనుకున్నాం. తర్వాత ముద్ద దిగడం మానీసింది. పెద్దాసుపత్రికి తిప్పాం, కరెంటెట్టారు, అదే రేడియేషను, కొన్నాళ్ళు బాగున్నాడు, మల్లీ మొదలు. సెలవులన్నీ అయిపోయి జీతం నేని సెలవు పెట్టాడు. అప్పుడు ఆ ఇల్లు ఎలా నడిసిందో ఎరుగుదువా? చర్చీ ఆడోళ్ళు రోజూ ఎసట్లో బియ్యం ఏసీముందు ఒక పిడికెడు తీసి పక్కనెడతారు, ఆదివారం తెచ్చి చర్చీకిస్తారు. ఆ బియ్యం మీ ఇంటికొచ్చీది. సన్నబియ్యం, ముతకబియ్యం, ఉప్పుడుబియ్యం, కోటాబియ్యం అన్నీ కలిసిపోయి. వండితే కొంత మెత్తగా, కొంత పలుగ్గా ఉండీది. మీ అమ్మ ఆ అన్నమే తిని ఎనిమిదో తరగతి సదివింది. నా ఇంటినుంచి పంపిస్తానంటే మీ అమ్మమ్మ, 'నువ్వు మనిషివొస్తే సాలన్నా, బియ్యం దేముడు పంపిస్తాడు' అంది. అందుకని డ్యూటీ దిగి రోజూ ఎల్లి కూకునీవోణ్ణి.

ఆవిడ ప్రార్థన సేస్తంటే నాను గోడకేసి సూసీవోణ్ణి. మొదట్లో బాగు సెయ్యమని అడిగీది. తర్వాత తర్వాత అది మానీసింది. మానీసిందని నాకొక్కడికే తెలుసు, రోజూ ఇన్నోణ్ణి కాబట్టి. 'తండ్రీ, ఒక్క కునుకియ్యి తండ్రీ, ఇంకేటీ అడగను' అనీది. ఎందుకంటే ఆడికి నిద్ర పోయిందమ్మా. నొప్పికి పడుకోనేడు, కూకోనేడు. కళ్ళు తెరుసుకుని పైకి సూస్తా ఉండీవోడు. ఆడి గొంతు అప్పటికి గాలే, మాట కాదు. నా సెవి నోటికాడెట్టుకుని ఇనాలి. 'బావా, నాకు నయమౌతాదని కాదు. దేముడమ్మ కళ్ళు మూసుకుని ఆయనతో మాటాడతంటే, ఈ ఇంట్లో నాకంటే పెద్దోడు ఒకడున్నాడనిపిస్తాది' అన్నాడు. అలాగ పదకొండు రోజులు, నిద్రనేదు. మడిసన్నోడు పదకొండు రోజులు నిద్రనేకుండా ఉంటాడేటి? ఉన్నాడు మరి.

పన్నెండో రోజు నాది పొద్దుటి షిఫ్టు. పదింటికి ఫోనొచ్చింది, ఫోర్‌మేన్ గదికి. చర్చీ పెద్ద ఒకాయన, పుస్తకంలో సదివినట్టు మాటాడీవోడు. 'శ్రీరామ్మూర్తిగారా, దాలయ్యగారు ఈ ఉదయం ఎనిమిది గంటలకు నిద్రించారండి' అన్నాడు. నా పేణం లేసొచ్చింది. 'అమ్మయ్య, ఎంత మంచి కబురు సెప్పారండీ, ఎవలూ లేపకండి ఆణ్ణి' అన్నాను. ఆయన, 'మీకు ఇంత విశ్వాసముందని అనుకోలేదు, దేవునికి స్తోత్రం' అన్నాడు. ఇశ్వాసమా నా మొకమా. నాను కేంటీన్లో అందరికీ టీ ఇప్పించాను గుంటా. మా బావ పడుకున్నాడు, మా బావ పడుకున్నాడని ఒకొక్కడికీ సెప్పాను. ఆళ్ళూ సంతోషించారు. మాకెవలికీ తెలీదు, చర్చీవోళ్ళు ఆ కబురుకి ఆ మాటంటారని. మాలో పోయాడంటాం, కాలం సేసాడంటాం. నిద్రించాడంటే మాకు నిద్రించడమే.

రెండున్నరకి బస్సు దిగి సూద్దును కదా, మీ గుమ్మం ముందు సెప్పులు, లోపల పాటలు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండు రోజులకి ఆడికో కునుకొస్తే, పక్కన సేరి ఈ పాటలేటని. ఇసురుగా లోపలికెల్లి, 'మెల్లిగా పాడండమ్మా, లెగిసిపోతాడు' అన్నాను. పాట ఆగిపోయింది. అందరూ నాకేసి సూస్తన్నారు. మీ అమ్మ మంచం కోడు పట్టుకుని కూకునుంది, ఆ పిల్లా సూస్తంది. మీ అమ్మమ్మకి తెలిసిపోయింది నాకు తెలీదని. ఇంకెవలైనా అయితే ఏటనీవోరో. ఆవిడ అన్నాది కదా, 'అన్న సెప్పింది నిజమే. పదకొండు రోజులయ్యింది. మెల్లిగా పాడండి.' ఆళ్ళు మల్లీ అందుకున్నారు, పెదాలు కదిలీంత సప్పుడు, అంతే.

నాను కాళ్ళకాడ కూకున్నాను. మొకం సూసాను, సుకంగా ఉన్నాడనే అనుకున్నాను. అప్పటికీ తెలీనేదు నాకు. పాదాలు దుప్పట్లోంచి బైటకున్నాయి. సలేస్తాదేమోనని లోపలికి సర్దబోయి పట్టుకున్నాను.

కోక్ ఓవెన్లో పదేళ్ళు పనిసేసిన పాదాలమ్మా అవి. ఎంత సల్లగా ఉన్నాయో.

గట్టిగా గొల్లుమందామంటే ఎలాగా? మెల్లిగా అని నానే సెప్పీసాను కదా. దుప్పటి నోట్లో కుక్కుకుని కూకున్నాను. మీ అమ్మమ్మ నా ఈపు మీద సెయ్యేసింది. మొగుడు పోయిన మడిసి, నన్ను నిమరతంది.

ఊఁ. అదిగో నీ ఫోను మోగతంది, మీ అమ్మేమో. ఎత్తమ్మా, ఎత్తు.